మా సిస్టమ్ స్లో, నెట్టూ స్లో: ఫార్మాట్ చేయించాలా, కొత్తది కొనాలా?

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. సారాంశం ఇదీ. ఆమె ఇంట్లోనే కూర్చుని ఒక సంస్థకు లెక్కలు నమోదు చేసే పని చేస్తారు. ఎనిమిదేళ్ల కిందటి డెస్క్‌టాప్. 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున స్విచ్ వేసిన దగ్గర్నుంచి బ్రౌజర్ తెరుచుకుని మొదటి ఎంట్రీ కొట్టేసరికి 11 నిమిషాలు పడుతోందని గడియారం పెట్టుకుని మరీ చూశారు. సాయంత్రాలు కొడుకు ఆన్‌లైన్ క్లాసులో మాస్టారి ముఖం నిలిచిపోతుంది, గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది. నెట్ ప్లాన్‌ను 50 ఎంబీపీఎస్ నుంచి 150కి మార్చారు, తేడా లేదు. రౌటర్ పక్కన నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 140 దాకా వస్తోంది. వెనక గదిలో ఉన్న కంప్యూటర్‌లో చేస్తే 18, 22 మధ్యే ఆగిపోతోంది.

బాగుచేసే అబ్బాయి ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుందన్నాడు. మరిది కొత్తది కొనేయమంటున్నారు. "నీ గేముల వల్లే ఇదంతా" అని ఆమె కొడుకును గట్టిగా కోప్పడ్డారు. వాడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తన గేములన్నీ తనే తీసేశాడు. అయినా సిస్టమ్ అలాగే ఉంది. పని ఆలస్యమవుతోందని ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఉత్తరం చివర, సంతకానికి కాస్త పైన ఇలా ఉంది: "మా నాన్నగారు పోయారు. ఆయన మా వాడికి చెప్పిన కథల రికార్డింగులు డి డ్రైవ్‌లోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఈ మధ్య సీపీయూలోంచి అప్పుడప్పుడు టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది. దానివల్ల ఏమన్నా ఇబ్బందా?"

అమ్మా, మీరు చివర్లో రాసిన ఆ మాటలతోనే మొదలుపెడతాను. ఆ చప్పుడు వల్ల ఇబ్బందే. సీపీయూ పెట్టెలో చప్పుడు చేసేవి ఫ్యాన్లు, హార్డ్ డిస్క్. ఫ్యాన్ అయితే గరగరమనో హోరుమనో ఆగకుండా మోగుతుంది. ఉండి ఉండి టిక్, టిక్‌మని వచ్చి, అదే సమయంలో స్క్రీన్ కాసేపు బిగుసుకుపోతే, డిస్క్‌లో చదివే ముల్లు ఒకచోట అక్షరం అందక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అనుమానించాలి. అనుమానమే కావచ్చు. కానీ మీ నాన్నగారి గొంతు ఉన్నది ఆ ఒక్క డిస్క్‌లోనే కాబట్టి అనుమానాన్ని నిజమనుకునే నడుచుకోండి.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. సి డ్రైవ్, డి డ్రైవ్ అని రెండు కనిపించినంత మాత్రాన లోపల రెండు డిస్కులు ఉన్నట్టు కాదు. మీకున్నది ఒకే డిస్క్. ఒకే పలకను మధ్యలో గీత గీసి రెండు భాగాలు చేశారు, అంతే. "సి మాత్రమే ఫార్మాట్ చేస్తాను, డి జోలికి వెళ్లను" అని బాగుచేసే అబ్బాయి నిజాయితీగానే చెప్పి ఉంటాడు. కానీ పలక దెబ్బతింటే రెండు భాగాలూ పోతాయి. పైగా విండోస్ మళ్లీ ఎక్కించేటప్పుడు పార్టిషన్ల జాబితాలో ఒక్క తప్పు నొక్కు చాలు, డి డ్రైవ్ ఖాళీ అయిపోతుంది.

అందుకని ఈ ఉత్తరం చదివిన రోజే ఆ రికార్డింగుల ఫోల్డర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో కాపీ చేయండి. ముందు అది ఒక్కటే. సినిమాలు, పాటలు తర్వాత చూసుకోవచ్చు. కాపీ అయ్యాక ఆ పెన్‌డ్రైవ్‌ను వేరే ల్యాప్‌టాప్‌లోనో టీవీకో పెట్టి, మొదటి కథ, మధ్యలో ఒకటి, చివరిది వినండి. ఫైల్ పేరు కనిపిస్తే సరిపోదు, లోపల గొంతు వినిపించాలి. ఆ తర్వాత ఇంకో కాపీ ఇంటర్నెట్ స్టోరేజీలోనో, దగ్గరి బంధువుల సిస్టమ్‌లోనో పెట్టండి. ఈ పని అయ్యేదాకా డిస్క్ చెకింగ్, డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైళ్లను వరసగా సర్దడం), వైరస్ ఫుల్ స్కాన్ ఏవీ నడపవద్దు. అవి డిస్క్‌ను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా దున్నుతాయి. అలసిపోయిన డిస్క్ ఆ పనిలోనే పడిపోవచ్చు. కాపీ చేస్తుండగా చప్పుడు ఎక్కువై, ఫైళ్లు చదవలేకపోతున్నానని మెసేజ్ వస్తే పదే పదే ప్రయత్నించకండి. సిస్టమ్ ఆపేసి, డేటా రికవరీ మాత్రమే చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ ఖర్చు ఎక్కువే, అన్నీ దొరుకుతాయన్న హామీ కూడా ఉండదు. అందుకే ఇప్పుడే కాపీ చేయమని ఇంతగా చెబుతున్నాను.

కాపీ చేతికొచ్చాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని చూడండి. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. ఈ ప్రోగ్రాం దాన్ని చదివి నీలం రంగులో 'గుడ్' అనో, పసుపు రంగులో 'కాషన్' అనో, ఎరుపులో 'బ్యాడ్' అనో చూపిస్తుంది. కింద జాబితాలో 'రీఅలొకేటెడ్ సెక్టార్స్', 'కరెంట్ పెండింగ్ సెక్టార్' అనే వరసలుంటాయి. పాడైన చోటును వదిలేసి డేటాను పక్కకు మార్చిన లెక్క మొదటిది. చదవలేక, ఏం చేయాలో తేలక వేచి ఉన్న చోట్ల లెక్క రెండోది. ఆ రెండూ సున్నా కాకుండా వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్‌ను ఇక నమ్మవద్దు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. మీరు ఉత్తరమంతా 'స్లో' అనే ఒక్క మాటే వాడారు. కానీ ఆ మాట కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి. పొద్దున 11 నిమిషాలు పట్టడానికి నెట్‌తో సంబంధం లేదు. సాయంత్రం మాస్టారి ముఖం నిలిచిపోవడానికి హార్డ్ డిస్క్ ముఖ్య కారణం కాకపోవచ్చు. రెంటినీ కలిపి చూశారు కాబట్టే ప్లాన్ పెంచినా పొద్దుటి కష్టం తీరలేదు, గేములు తీసినా సాయంత్రం కష్టం తీరలేదు.

పొద్దుటి సంగతి చూద్దాం. రేపు సిస్టమ్ ఆన్ చేశాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. 'పెర్ఫార్మెన్స్' అనే చోట సీపీయూ (ఇక్కడ పెట్టె కాదు, లోపలి ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ అనే గ్రాఫులు కనిపిస్తాయి. నా అంచనా ప్రకారం సీపీయూ 20, 30 శాతం దగ్గర ఆడుతుంటుంది, మెమరీ 80 దాటి ఉంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. అప్పుడు డిస్క్ మీద నొక్కి, అది సెకనుకు ఎంత చదువుతోందో చూడండి. 100 శాతం పని చేస్తున్నానని చెబుతూనే ఒక ఎంబీయో రెండు ఎంబీలో చదువుతుంటుంది.

అలా ఎందుకంటే, మీ హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరిగే పలక, దాని మీద అటూ ఇటూ జరిగే ముల్లు ఉంటాయి. ఒకేచోట వరసగా ఉన్న పెద్ద సినిమా ఫైల్‌ను అది సెకనుకు 100 ఎంబీకి పైగానే చదవగలదు. కానీ విండోస్ లేచేటప్పుడు చదవాల్సినవి వేలకొద్దీ చిన్న ఫైళ్లు, పలక మీద తలా ఒక మూల ఉంటాయి. ముల్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లి, పలక తిరిగి వచ్చేదాకా ఆగి, చదవడానికి సుమారు సెకనులో వందో వంతు పడుతుంది. అంటే సెకనుకు వంద చోట్లకు మించి వెళ్లలేదు. దానికి తోడు మీ ర్యామ్ 4 జీబీయే. విండోస్, యాంటీవైరస్, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే అది నిండిపోతుంది. నిండినప్పుడు విండోస్ మిగతా సరుకును అదే డిస్క్ మీద పేజ్ ఫైల్ అనేచోట దించుతుంది, కావలసినప్పుడు మళ్లీ ఎక్కిస్తుంది. అలా అసలే పరిగెత్తలేని డిస్క్ మీద ర్యామ్ బరువు కూడా పడుతోంది.

గేమ్ డిస్క్‌లో ఊరికే ఉన్నంత మాత్రాన సిస్టమ్ నెమ్మదించదు. కొన్ని గేములకు తోడుగా వచ్చే లాంచర్లు సిస్టమ్‌తో పాటే లేచి కాస్త బరువు వేస్తాయి, నిజమే. కానీ మీ వాడు అవన్నీ తీసేశాక కూడా 11 నిమిషాలు 11 నిమిషాలుగానే ఉన్నాయంటే, కారణం వాడు కాదని వాడే రుజువు చేశాడు. ఆ మాట మీరు వాడితో చెప్పాలి. నేను చెప్పే ఈ పరీక్షలు వాడి చేతే చేయించండి. అంకెలు నోటుబుక్కులో వాడినే రాయమనండి.

డబ్బు ఖర్చు కాకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. టాస్క్ మేనేజర్‌లోనే 'స్టార్టప్' అనేచోట, మీకు పొద్దున్నే అవసరం లేనివన్నీ డిజేబుల్ చేయండి. అలా చేస్తే ఆ ప్రోగ్రాం పోదు, మీరు తెరిచినప్పుడే తెరుచుకుంటుంది. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. ఇంకొకటి చాలామందికి తెలియదు. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా కొత్తగా లేవదు. లోపలి భాగాన్ని నిద్రపుచ్చి, పొద్దున అదే నిద్ర లేపుతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ మీద నొక్కితే కింద 'అప్ టైమ్' కనిపిస్తుంది. రోజూ రాత్రి ఆపుతున్న సిస్టమ్‌లో కూడా అక్కడ ఇరవై, ముప్పై రోజులని ఉండొచ్చు. వారానికొకసారి షట్ డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కండి, ఆ పాత పోగు అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇవన్నీ చేస్తే 11 నిమిషాలు ఏడో ఎనిమిదో కావచ్చు. రెండు నిమిషాలు మాత్రం కావు.

ఉత్తరం మధ్యలో "స్పీడ్ పెంచే సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాను, అది రోజూ వందల వైరస్‌లున్నాయని చూపిస్తోంది" అని రాశారు. దాన్ని ఇవాళే తీసేయండి. మనిషికి టెన్షన్ పుట్టించి డబ్బు కట్టించుకోవడానికే అలాంటివి తయారవుతాయి. స్క్రీన్ మీద ఫోన్ నంబరు చూపిస్తే ఆ నంబరుకు ఎప్పుడూ ఫోన్ చేయకండి. ఇప్పటికే చేసి, అవతలివాళ్లకు మీ స్క్రీన్ అప్పగించి ఉంటే, బ్యాంకు, మెయిల్, ఆఫీసు పాస్‌వర్డులన్నీ వేరే ఫోన్‌లోంచి మార్చేయండి, బ్యాంకుకు కూడా చెప్పండి. మీరు చూసేది వేరేవాళ్ల లెక్కలు కాబట్టి ఇందులో మొహమాటం వద్దు.

ఇక ఫార్మాట్. చెత్త ప్రోగ్రాములు పేరుకుపోయిన సిస్టమ్‌కు ఫార్మాట్ పనిచేస్తుంది, కొన్ని వారాలు తేలిగ్గా అనిపిస్తుంది కూడా. కానీ పలక అదే, ముల్లు అదే, ర్యామ్ అంతే. అప్‌డేట్లు, ప్రోగ్రాములు ఒక్కొక్కటే వచ్చి చేరేసరికి మళ్లీ మొదటికొస్తుంది. డిస్క్ నిజంగానే పాడవుతుంటే మీకు మిగిలేది ఫార్మాట్ శ్రమ మాత్రమే.

రెండో దారి, ఇదే పెట్టెలో హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్‌ను 8 జీబీ చేయడం. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పలక ఉండదు. ఇందాక చెప్పిన చిన్న ఫైళ్లను సెకనుకు వేలల్లో తీయగలదు. సాటా అనే కనెక్షన్‌తో వచ్చే రకం ఎస్‌ఎస్‌డీ మీ సిస్టమ్ వయసున్న డెస్క్‌టాప్‌లకు సరిపోతుంది, రేపు సిస్టమ్ మార్చినా దాన్ని అందులోకి తీసుకెళ్లొచ్చు. ర్యామ్ విషయంలో జాగ్రత్త పడాలి. డీడీఆర్3, డీడీఆర్4 అని ర్యామ్‌లో రకాలున్నాయి, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు. మీ బోర్డు ఏదో చూసుకున్నాకే కొనండి. పాత డిస్క్ బాగుందని తేలితే దాన్ని యథాతథంగా ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయించవచ్చు. బాగాలేకపోతే విండోస్ కొత్తగా ఎక్కించుకుని, కాపీ చేసిన ఫైళ్లు తెచ్చుకోవడమే మంచిది.

ఈ దారిలో ఉన్న చిక్కు విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు, అంటే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు మెషీన్‌లో ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైదే కావాలి. ఎనిమిదేళ్ల కిందటి మెషీన్ సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌దే 'పీసీ హెల్త్ చెక్' అనే చిన్న ప్రోగ్రాం నడిపితే మీది పనికొస్తుందో లేదో తేలిపోతుంది. పనికొస్తే, నేనైతే మారుమాట లేకుండా ఎస్‌ఎస్‌డీ వేస్తాను. పనికిరాకపోతే, మీ ఆఫీసు సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. అది ఉచితం, పాత మెషీన్ల మీద తేలిగ్గా నడుస్తుంది. కాకపోతే మీ ప్రింటరు, స్కానరు, ఆఫీసు వాళ్ల సెక్యూరిటీ ప్రోగ్రాం దాని మీద నడుస్తాయో లేదో ముందే ఆఫీసులో అడగాలి. అడగకుండా మారిస్తే పని ఆగిపోతుంది.

మీ మరిది మాట కూడా తీసిపారేసేది కాదు. విండోస్ 11 పట్టదని తేలి, ఆఫీసు విండోసే కావాలంటే, కొత్తది కొనడమే సరైనది. అప్పుడు ఎస్‌ఎస్‌డీ ఉన్నది, కనీసం 8 జీబీ, వీలైతే 16 జీబీ ర్యామ్ ఉన్నది తీసుకోండి. కానీ కొత్త సిస్టమ్ వచ్చినంత మాత్రాన సాయంత్రం క్లాసు బాగవుతుందని ఆశ పెట్టుకోకండి. దాని కథ వేరు.

మీరే ఉత్తరంలో దానికి జవాబు కూడా రాసేశారు. రౌటర్ పక్కన 140, వెనక గదిలో 20. అంటే ఇంటి గుమ్మం దాకా నెట్ బాగానే వస్తోంది. రౌటర్ నుంచి మీ బల్ల దాకా వచ్చే లోపు పోతోంది. డౌన్‌లోడ్ పెడితే "2 ఎంబీ అని చూపిస్తోంది, ఇంకా ఘోరం" అని వేరే ఫిర్యాదుగా రాశారు. అది వేరు కాదు. ప్లాన్‌లో చెప్పేది బిట్లు, బ్రౌజర్ చూపించేది బైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్. 20 ఎంబీపీఎస్‌ను 8తో భాగిస్తే రెండున్నర. మీ 150 మొత్తం బల్ల దాకా వచ్చినా అక్కడ 18 చిల్లరే కనిపిస్తుంది.

సీపీయూ వెనక గోడ వైపు చిన్న వైఫై డాంగిల్ ఉందన్నారు. వైఫై సెట్టింగుల్లో ప్రాపర్టీస్ తెరిచి, నెట్‌వర్క్ బ్యాండ్, లింక్ స్పీడ్ అనే వరసలు చూడండి. 2.4 గిగాహెర్ట్జ్, 72 ఎంబీపీఎస్ అని ఉంటే దోషి దొరికినట్టే. ఒకే యాంటెన్నా ఉన్న చిన్న డాంగిల్ ఎంత బాగా కలిసినా మామూలుగా అంతకు మించి కలవదు. అందులో అసలు డేటాకు దక్కేది సుమారు సగం. గోడలు, సీపీయూ ఇనప పెట్టె, పక్కిళ్ల వైఫైలు అడ్డం పడితే ఇరవైకి దిగడం వింత కాదు. పక్కనే ఉన్న యూఎస్‌బీ 3.0 పోర్టులో ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి కాపీ చేస్తున్నప్పుడు ఇంకా పడిపోవచ్చు, ఎందుకంటే యూఎస్‌బీ 3.0 పుట్టించే రేడియో రొద 2.4 మీదే పడుతుంది.

ఖాయంగా చెప్పడానికి ఇంకో పరీక్ష ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిషులో ఒకే పదంగా కొడితే 'డీఫాల్ట్ గేట్‌వే' పక్కన 192.168.1.1 లాంటి అంకెలు వస్తాయి. అది మీ రౌటర్. క్లాసు జరుగుతున్న సమయంలో అక్కడే పింగ్ (ping) అని కొట్టి పక్కన ఆ అంకెలు వేయండి, అవతలి నుంచి జవాబు రావడానికి ఎంతసేపు పడుతోందో చూపిస్తుంది. తర్వాత ఇంటి బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి కూడా అలాగే కొట్టండి. రౌటర్ నుంచే జవాబు ఒకసారి 3 మిల్లీసెకన్లు, ఒకసారి 400, ఒకసారి 'టైమ్డ్ అవుట్' అని వస్తుంటే తప్పు మీ ఇంటి వైఫైదే. రౌటర్ నిలకడగా జవాబిస్తూ బయటి దానికి మాత్రమే ఆలస్యమైతే, తప్పు రౌటర్ అవతల లైన్లోనైనా ఉండాలి, ఆ సమయంలో మీ ఇంట్లోనే ఎవరో లైనంతా వాడేస్తూనైనా ఉండాలి.

ఆ రెండోది సాయంత్రాలే జరగడానికి ఒక కారణం ఉంటుంది. అందరూ ఇల్లు చేరగానే ఫోన్లన్నీ వైఫైకి తగులుకుని, పగలు తీసిన ఫోటోలు, వీడియోలు క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెడతాయి. అప్‌లోడ్ దారి నిండిపోతే డౌన్‌లోడ్ కూడా తడబడుతుంది, ఎందుకంటే వచ్చిన ప్రతి ముక్కకూ "అందింది" అనే కబురు తిరిగి వెళ్లాల్సింది ఆ దారిలోనే. ఒక సాయంత్రం అందరి ఫోన్లలోనూ బ్యాకప్ ఆపి చూడండి. తేడా కనిపిస్తే బ్యాకప్‌ను రాత్రికి మార్చుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు.

వైఫై తప్పని తేలితే నేను మొదట చెప్పేది లాన్ కేబుల్. గోడ వెంబడి క్లిప్పులు కొట్టి వెనక గదికి లాగితే చూడ్డానికి అంత బాగుండదు, నిజమే. కానీ 100 మీటర్ల దాకా వేగం తగ్గదు, గోడలతో పనిలేదు. వేశాక స్పీడ్ సరిగ్గా 94, 95 దగ్గర ఆగిపోతే కంగారుపడకండి. లోపలి ఎనిమిది తీగల్లో ఏదో సరిగ్గా అతకలేదనో, ఏదో ఒక పోర్టు 100 వరకే పనిచేస్తుందనో అర్థం. క్లాసుకూ మీ పనికీ అదీ ఎక్కువే. కేబుల్ వద్దనుకుంటే, 5 గిగాహెర్ట్జ్ పట్టే డాంగిల్ తీసుకుని, యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో బల్ల మీదకు తెచ్చి పెట్టండి. మీ రౌటర్ కూడా 5 ఇచ్చేదై ఉండాలి. 5 వేగమైనది కానీ గోడలంటే దానికి పడదు, రెండు మూడు గోడలు దాటాల్సి వస్తే నిరాశే. అప్పుడు రౌటర్‌ను ఇంటి మధ్యకు జరపడమో, మెష్ (ఇల్లంతా వైఫై పంచే రెండు మూడు పెట్టెల జట్టు) పెట్టుకోవడమో మిగులుతుంది. డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరుకు దాని అంకెల చిరునామా వెతికిపెట్టే సర్వీసు) మారిస్తే స్పీడ్ పెరుగుతుందని ఎవరైనా చెబితే దాని మీద సాయంత్రం పాడుచేసుకోకండి. పేజీ తెరుచుకోవడం మొదలయ్యే క్షణం కాస్త ముందుకు రావచ్చేమో కానీ వీడియో ఆగడం దానితో పోదు.

ఇవేవీ ఇప్పుడే చేయలేమనుకుంటే ప్లాన్‌ను మళ్లీ 50కి దించేయండి. బల్ల దగ్గరికి వచ్చేది ఇరవయ్యే అయినప్పుడు 150కి కట్టే డబ్బు మీకు దక్కడం లేదు. ఆ మిగులును ఎస్‌ఎస్‌డీకి దాచుకోవచ్చు.

ఆఫీసు వాళ్లకు మాత్రం ఈ వారమే ఒక మెయిల్ పెట్టండి. సిస్టమ్‌లో డిస్క్ పాడవుతున్నట్టుందని, బాగు చేయించుకుంటున్నానని, ఫలానా రోజుకు సర్దుకుంటుందని రాయండి. టాస్క్ మేనేజర్ ఫోటో కూడా జతచేయండి. ఆలస్యం మీ చేతిలో లేని కారణంతో జరుగుతోందని వాళ్లకు తెలియాలి. వాళ్లే ల్యాప్‌టాప్ ఇచ్చే వీలుందేమో అడగడంలోనూ తప్పులేదు.

కొత్త ఎస్‌ఎస్‌డీ వేసినా, కొత్త సిస్టమే కొన్నా, పాత హార్డ్ డిస్క్‌ను ఎవరికీ ఇవ్వకండి, ఎక్స్‌చేంజ్‌లోనూ వేయకండి. మీ లెక్కలు, పాస్‌వర్డులు అందులో ఉన్నాయి, మీ నాన్నగారి రికార్డింగుల అసలు ప్రతి కూడా అందులోనే ఉంది. మెత్తటి గుడ్డలో చుట్టి, మీద కాగితం అంటించి, కాపీ చేసిన తేదీ రాసి, తడి తగలని చోట పెట్టండి. ఆ తేదీ మీ అబ్బాయిని రాయమనండి.